పెనాల్టీ కట్టేశాక మళ్లీ కోర్టు కేసేమిటి? కస్టమ్స్ కేసులపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: విదేశాల నుంచి ఎలక్ట్రానిక్ విడిభాగాలు దిగుమతి చేసుకుంటాం. ఇన్‌వాయిస్‌లో ధర తక్కువ చూపామని డీఆర్‌ఐ (రెవెన్యూ నిఘా విభాగం) కేసు పెట్టింది. సరుకు జప్తు చేసి, రిడెంప్షన్ ఫైన్ కట్టించుకుని వదిలారు. తేడా సుంకం, వడ్డీ, పెనాల్టీ పైసాతో సహా కట్టాం. రెండేళ్లయ్యాక ఇప్పుడు కస్టమ్స్ చట్టం 132 (తప్పుడు ప్రకటన), 135 (సుంకం ఎగవేత) సెక్షన్ల కింద ఆర్థిక నేరాల కోర్టు సమన్లు పంపింది. ఒకే తప్పుకు రెండుసార్లు శిక్షించకూడదని రాజ్యాంగంలోనే ఉంది కదా?

జవాబు: ఉంది. రాజ్యాంగం 20(2) అధికరణ అదే చెబుతుంది. అయితే మీరు కట్టిన ఫైను, పెనాల్టీ ఆ అధికరణ దృష్టిలో ‘శిక్ష’ కిందికి రావు. ఆ రక్షణ దొరకాలంటే మొదటిసారి ఒక కోర్టులోనో, కోర్టులాంటి న్యాయ ట్రిబ్యునల్‌లోనో నేర విచారణ జరిగి ఉండాలి, శిక్ష కూడా పడి ఉండాలి, రెండోసారి పెట్టింది అదే నేరమై ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి తగ్గినా 20(2) పనిచేయదు. సుంకం వివాదాన్ని తేల్చే కస్టమ్స్ కమిషనర్ శాఖాధికారి. ఆయన ముందు నడిచేది అడ్జుడికేషన్, అంటే శాఖలోనే సుంకం, పెనాల్టీ తేల్చే ప్రక్రియ. అది నేర విచారణ కాదు.

ఈ మాట 1953లోనే స్థిరపడింది. 1949 నవంబరులో జెడ్డా నుంచి బొంబాయి విమానాశ్రయంలో దిగిన మక్బూల్ హుస్సేన్ దగ్గర 107.2 తులాల బంగారం దొరికింది. కస్టమ్స్ అధికారులు దాన్ని జప్తు చేసి, కావాలంటే 12,000 రూపాయల ఫైను కట్టి విడిపించుకోవచ్చన్నారు. తర్వాత అదే బంగారం మీద విదేశీ మారక చట్టం కింద కోర్టులో కేసు పెట్టారు. ఇది రెండో శిక్షేనని ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. జప్తు చేసిన అధికారి న్యాయ ట్రిబ్యునల్ కాడని, కాబట్టి అక్కడ జరిగింది ప్రాసిక్యూషనే కాదని కోర్టు తేల్చింది. 1958లో థామస్ దానా కేసులో ఇదే ప్రశ్న మళ్లీ వచ్చింది, మెజారిటీ అదే జవాబు చెప్పింది. అప్పుడు విభేదించిన న్యాయమూర్తి మన కోకా సుబ్బారావు గారు. భారీ పెనాల్టీ వేసే అధికారం ఉన్నవాడు తీర్పు చెప్పేవాడే అవుతాడన్నది ఆయన వాదనలోని సారం. పెనాల్టీలు కోట్లలోకి పోతున్న ఈ రోజుల్లో ఆ మాటలో బలం ఉందనే మాకు అనిపిస్తుంది. కానీ కింది కోర్టులో అది మీకు పనికిరాదు, చట్టంగా నిలిచింది మెజారిటీ తీర్పు.

1962 కస్టమ్స్ చట్టంలోనూ ఈ సంగతి రాసే ఉంది. జప్తు, పెనాల్టీ విధించినంత మాత్రాన కోర్టు విధించే శిక్షకు అడ్డు కాదని 127వ సెక్షన్ అంటుంది. 135(3) ఇంకొంచెం కఠినం. సుంకం ఎగవేత 50 లక్షలు దాటడం, సరుకు మార్కెట్ విలువ కోటి దాటడం లాంటి పెద్ద కేసుల్లో ఏడేళ్ల దాకా జైలు ఉంటుంది. ప్రత్యేక కారణాలు రాస్తే తప్ప ఏడాదికి తగ్గకూడదు. ‘ఇప్పటికే పెనాల్టీ కట్టాడు’, ‘ఇదే మొదటి తప్పు’, ‘ఇతను సరుకు మోసినవాడే, అసలు సూత్రధారి కాడు’ అన్నవి ఆ ప్రత్యేక కారణాల కిందికి రావని 135(3) విడిగా చెప్పింది.

పాఠకులు ఎక్కువగా బోల్తా పడేది 28వ సెక్షన్ దగ్గర. ఉద్దేశపూర్వకంగా తప్పుడు వివరాలిచ్చారని నోటీసు వచ్చాక 30 రోజుల్లో సుంకం, వడ్డీ, సుంకంలో 15 శాతం పెనాల్టీ కట్టేస్తే వ్యవహారం ముగిసినట్టే అని 28(5), 28(6) అంటాయి. కన్సల్టెంట్లు ఇంతవరకే చదివి వినిపిస్తారు. 135, 135ఎ, 140 సెక్షన్లకు భంగం లేకుండా ముగిసినట్టు అన్న ముక్క 28(6)లోనే ఉంది. అంటే ముగిసేది డబ్బు వ్యవహారం, ప్రాసిక్యూషన్ దారి తెరిచే ఉంటుంది. 15 శాతం మార్గం ఎంచుకునేవారు ఆ లేఖలోనే ‘వివాదం తెంచుకోవడానికి కడుతున్నాం, ఉద్దేశపూర్వక తప్పును ఒప్పుకోవడం లేదు’ అని రాయడం మంచిది. అది పూర్తి కవచం కాకపోయినా, ఏమీ రాయకుండా కట్టడం కన్నా చాలా నయం.

ఇప్పుడు మీ వకీలు 20(2)ను మొదటి వాదనగా పెట్టుకుని ఆరు నెలలు పోగొట్టకుండా చూసుకోండి. ముందు చూడాల్సింది 137వ సెక్షన్ అనుమతి. 132, 135 కేసుల్లో ప్రిన్సిపల్ కమిషనర్ లేదా కమిషనర్ ముందస్తు మంజూరు లేకుండా కోర్టు కేసును విచారణకు తీసుకోకూడదు. ఆ మంజూరు పత్రం నకలు అడగండి. అది మీ కంపెనీకా, మీకు వ్యక్తిగతంగానా, ఇద్దరికా అన్నది చూడండి. కంపెనీ తప్పుకు డైరెక్టరును లాగాలంటే 140వ సెక్షన్ ప్రకారం ఆ సమయంలో వ్యాపారం నడిపే బాధ్యత ఆయనదని ఫిర్యాదులో చెప్పి ఉండాలి. తర్వాత లెక్క చూడండి. ఎగవేసిన సుంకం నిజంగా 50 లక్షలు దాటిందా, లేక వేర్వేరు బిల్ ఆఫ్ ఎంట్రీలన్నీ (దిగుమతి ప్రకటన పత్రాలన్నీ) కలిపి దాటించారా? ఏడేళ్ల కేసా, మూడేళ్ల కేసా అన్నది దాని మీదే తేలుతుంది.

ప్రశ్న: కస్టమ్స్ అప్పీళ్లు వినే ట్రిబ్యునల్‌లో గెలిచాం. పెనాల్టీ కొట్టేశారు. అయినా క్రిమినల్ కేసు వాయిదాలకు తిరుగుతూనే ఉన్నాం. గెలిచినా ప్రయోజనం లేదా?

జవాబు: ఉంది. మా దృష్టిలో కస్టమ్స్ కేసుల్లో అసలైన రక్షణ ఇదే, 20(2) కాదు. రాధేశ్యామ్ కేజ్రీవాల్ కేసులో 2011లో సుప్రీంకోర్టు చెప్పింది విదేశీ మారక చట్టం గురించే అయినా, కస్టమ్స్ కేసుల్లోనూ ఆ సూత్రమే వాడుతున్నారు. అడ్జుడికేషన్, ప్రాసిక్యూషన్ ఒకేసారి నడవొచ్చు. ఒకటి తేలేదాకా రెండోది ఆగక్కర్లేదు. అడ్జుడికేషన్‌లో మీరు ఓడిపోయినా ఆ నిర్ణయం క్రిమినల్ కోర్టును కట్టిపడేయదు. కానీ అవే ఆరోపణల మీద, అసలు విషయం విచారించి, ఆరోపణ నిలవదని అడ్జుడికేషన్ తేల్చితే, అవే వాస్తవాల మీద క్రిమినల్ కేసు సాగనివ్వడం న్యాయప్రక్రియ దుర్వినియోగం అవుతుంది. దీని వెనుక తర్కం ఇది: సంభావ్యతల తూకంతో, అంటే ఏది ఎక్కువ నమ్మదగినదో చూస్తే సరిపోయే చోటే రుజువు కానిది, సందేహానికి తావు లేని రుజువు అడిగే కోర్టులో ఎలా నిలుస్తుంది?

ఇక్కడ ‘అసలు విషయం విచారించి’ అన్న మాటే కీలకం. మీ ట్రిబ్యునల్ ఉత్తర్వు చివరి పేజీలో ‘అప్పీలు అనుమతించడమైనది’ అన్నది చదివి సంబరపడకండి, కారణాలున్న పేరాలు చదవండి. నోటీసు గడువు దాటాక ఇచ్చారని కొట్టేస్తే అది సాంకేతిక గెలుపు, క్రిమినల్ కేసు ఆగదు. నోటీసు ఇచ్చిన అధికారికి అధికారం లేదన్నా అంతే. మళ్లీ విచారించమని వెనక్కి పంపితే అది గెలుపే కాదు. ధర తక్కువ చూపారన్న ఆరోపణకు ఆధారం లేదంటే మీకు పూర్తి బలం. ‘సరుకు వివరం తప్పే గానీ ఈయనకు తెలిసి జరిగినట్టు రుజువు లేదు’ అని మీ మీది వ్యక్తిగత పెనాల్టీ తీసేస్తే అదీ మంచి ఆయుధమే. 135 కేసులో తెలిసి చేశారా అన్నదే గుండెకాయ. 138ఎ ప్రకారం తెలిసే చేశారని కోర్టు మొదటే అనుకుంటుంది, తెలియదని నిందితుడే సందేహాతీతంగా రుజువు చేయాలి. ఆ బరువైన పనిలో ట్రిబ్యునల్ మాట మీకు సాక్ష్యమవుతుంది.

చేయాల్సిన పని ఇది. ట్రిబ్యునల్ ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. షోకాజ్ నోటీసులోని ఆరోపణలు ఒక వరుసలో, కోర్టు ఫిర్యాదులోని ఆరోపణలు పక్క వరుసలో, ట్రిబ్యునల్ చెప్పినది మూడో వరుసలో పెట్టి పట్టిక తయారు చేయించండి. రెండు చోట్లా ఒకే ఆరోపణ అని ఆ పట్టిక చూపించాలి. ఫిర్యాదులో కొత్త వాస్తవం ఒక్కటి ఉన్నా, ఉదాహరణకు దొంగ ఇన్‌వాయిస్ తయారీ గురించి, శాఖ దాన్నే పట్టుకుంటుంది. తర్వాత భారతీయ నాగరిక సురక్షా సంహిత, అంటే బీఎన్‌ఎస్‌ఎస్, 528వ సెక్షన్ కింద హైకోర్టులో కేసు కొట్టివేతకు పిటిషన్ వేయొచ్చు, లేదా మేజిస్ట్రేటు దగ్గరే డిశ్చార్జి (విచారణకు ముందే కేసు నుంచి విడుదల) కోరవచ్చు. శాఖ పై కోర్టుకు వెళ్లి స్టే తెచ్చుకుందేమో ముందే కనుక్కోండి. స్టే ఉన్న ఉత్తర్వు చూపించి కేసు కొట్టేయించుకోవడం కష్టం.

అప్పీలు ఇంకా వేయని వారికి ఒక మాట. ‘పెనాల్టీ చిన్నది, కట్టేసి వదిలేద్దాం’ అనుకునే ముందు క్రిమినల్ కేసు వచ్చే అవకాశం లెక్క వేసుకోండి. అప్పీలుకు ముందుగా కట్టాల్సింది వివాదంలో ఉన్న సుంకం లేదా పెనాల్టీలో 7.5 శాతం. కమిషనర్ (అప్పీల్స్) దగ్గర ఓడి ట్రిబ్యునల్‌కు వెళితే 10 శాతం. గడువు కమిషనర్ (అప్పీల్స్) దగ్గరికైతే 60 రోజులు, ట్రిబ్యునల్‌కైతే మూడు నెలలు. ఈ గడువు పోగొట్టుకున్నవాడు పెనాల్టీ ఒక్కటే కాదు, క్రిమినల్ కేసులో చూపించుకోగలిగిన అతి పెద్ద కాగితాన్ని కూడా పోగొట్టుకుంటాడు.

ప్రశ్న: మా బంధువు ఎగుమతి వ్యాపారి. డ్రాబ్యాక్ (ఎగుమతిదారుకు తిరిగి ఇచ్చే సుంకం) ఎక్కువ రాబట్టుకోవడానికి దొంగ పత్రాలు పెట్టాడని కస్టమ్స్ ఫిర్యాదు ఒకటి, అవే షిప్పింగ్ బిల్లుల (ఎగుమతి ప్రకటన పత్రాల) మీద మోసం, ఫోర్జరీ, కుట్ర అంటూ సీబీఐ కేసు ఇంకొకటి. రెండూ నడుస్తున్నాయి. ఇది కుదురుతుందా?

జవాబు: నడవడం వరకు కుదురుతుంది. మొదటి కేసు నిర్దోషిగానో దోషిగానో తేలిన తర్వాతే రెండోదానికి అడ్డు అన్న ప్రశ్న పుడుతుంది. రెండూ పెండింగ్‌లో ఉండగా ‘రెండుసార్లు శిక్ష’ అనడానికి ఏమీ లేదు. డిశ్చార్జి అయినా, ఫిర్యాదు కొట్టేసినా అది ‘నిర్దోషి’ తీర్పు కాదని బీఎన్‌ఎస్‌ఎస్ 337వ సెక్షన్ వివరణ చెబుతుంది. పాత సీఆర్‌పీసీ 300వ సెక్షనే ఇప్పటి 337.

ఒకటి తేలాక మాత్రం 337(1) 20(2) కన్నా విస్తృతమైనది. 20(2)కు శిక్ష పడి ఉండాలి. 337కు నిర్దోషిగా బయటపడినా చాలు. పైగా అదే నేరానికే కాదు, అవే వాస్తవాల మీద మొదటి విచారణలోనే మోపగలిగి ఉండిన వేరే ఆరోపణకు కూడా అది అడ్డు నిలవగలదు. అయితే ‘వేరే నేరం’ అని ఎప్పుడు అనాలన్నది చిక్కు. చెక్కు బౌన్స్ కేసులో శిక్ష పడ్డాక అవే వాస్తవాల మీద చీటింగ్ కేసు నడవదని సుప్రీంకోర్టు 2011లో చెప్పింది. 2012లో మరో బెంచ్, చెక్కు బౌన్స్‌కు మోసపు ఉద్దేశం అక్కర్లేదు, చీటింగ్‌కు కావాలి, కాబట్టి రెండు వేర్వేరు నేరాలని అడ్డు చెప్పలేదు. కోర్టులు ఎక్కువగా నడిచేది ఈ రెండో దారిలోనే. వాస్తవాలు ఒకటేనా అని కాక, నేరం రుజువు చేయడానికి కావాల్సిన అంశాలు ఒకటేనా అని చూస్తాయి.

మీ బంధువు కేసుకు ఆ కొలత పెట్టి చూద్దాం. 135కు సుంకం ఎగవేత లేదా డ్రాబ్యాక్ మోసంగా పొందడం కావాలి. 132కు తప్పుడు ప్రకటన చాలు, ఎవరికీ ఒక్క రూపాయి నష్టం జరగకపోయినా సరే. శిక్ష రెండేళ్ల దాకా. చీటింగ్‌కు ఒకరిని నమ్మించి వంచించడం, ఆస్తి వదులుకునేలా చేయడం కావాలి. ఫోర్జరీకి దొంగ పత్రం తయారీ కావాలి, ఆ పత్రంతో సుంకం తగ్గిందా లేదా అన్నది అక్కర్లేదు. కుట్రకు ఒప్పందం చాలు. ఇలా చూస్తే ఫోర్జరీ, కుట్ర దాదాపు ఎప్పుడూ వేరుగా నిలుస్తాయి. చీటింగ్, 135 మధ్యే గట్టి వాదనకు చోటుంది. మోసపోయింది ప్రభుత్వమే, రెండు చోట్లా వంచన ఆ డ్రాబ్యాకే అయినప్పుడు జనరల్ క్లాజెస్ చట్టం 26వ సెక్షన్‌ను కూడా జోడించండి. రెండు చట్టాల కింద నేరమైన ఒకే చర్యకు దేని కిందైనా కేసు పెట్టవచ్చు గానీ, అదే నేరానికి రెండుసార్లు శిక్ష వేయకూడదని అది చెబుతుంది.

ఒకే విచారణలో నాలుగు సెక్షన్లు కలిపి మోపితే అది రెండోసారి విచారణ కాదు. ఒకే లావాదేవీలోని నేరాలను కలిపి విచారించడానికి బీఎన్‌ఎస్‌ఎస్ 243 అనుమతిస్తుంది. అక్కడ అడగాల్సింది శిక్షలు ఏకకాలంలో నడవాలని. వేర్వేరు కోర్టుల్లో శిక్షలు పడితే రెండో కోర్టు ప్రత్యేకంగా రాయకపోతే మామూలుగా ఒకదాని తర్వాత ఒకటి మొదలవుతాయి. ఏళ్ల తేడా వచ్చేది ఇక్కడే, వకీళ్లు మరిచిపోయేదీ ఇక్కడే. అందుకే వీలైతే రెండు కేసులూ ఒకే కోర్టులో విచారించమని ముందే అడగండి. 2024 జులై 1కి ముందు జరిగిన చర్యలకు పాత ఐపీసీ సెక్షన్లే వర్తిస్తాయి, కొత్త సెక్షన్ల నంబర్లతో గందరగోళం పడకండి.

ప్రశ్న: ఇదే కస్టమ్స్ కేసు మీద ఈడీ కూడా రంగంలోకి దిగింది. ఇది మూడో కేసు కాదా?

జవాబు: చట్టం దృష్టిలో వేరే నేరం. 135 నేరం నుంచి వచ్చిన సొమ్మును దాచడం, తిప్పడం, సక్రమంగా చూపించడం మనీ లాండరింగ్. 135వ సెక్షన్ మనీ లాండరింగ్ చట్టం షెడ్యూల్‌లో, అంటే మూల నేరాల జాబితాలో, ‘ఎ’ భాగంలో ఉంది. 132 ‘బి’ భాగంలో ఉంది, దానికి విలువ కోటి రూపాయలు ఉండాలి. అయితే ఈడీ కేసు కస్టమ్స్ కేసు మీద నిలబడిన చెట్టు. 2022లో విజయ్ మదన్‌లాల్ చౌధరి తీర్పు ప్రకారం మూల నేరంలో వ్యక్తి చివరిగా నిర్దోషిగా తేలినా, డిశ్చార్జి అయినా, ఆ కేసు కొట్టివేసినా, అతని మీద మనీ లాండరింగ్ కేసు నిలవదు. అందుకే ఈడీ నోటీసు వచ్చాక కస్టమ్స్ కేసును పక్కన పడేసి ఈడీ వెంట పరుగెత్తడం వెనుకాముందుల తప్పు. పోరాడాల్సింది వేరు దగ్గర.

ప్రశ్న: కస్టమ్స్ సమన్లు రాగానే వెళ్లి కస్టమ్స్ చట్టం 108వ సెక్షన్ కింద వాంగ్మూలం ఇచ్చేశాను. దాన్ని రెండు చోట్లా వాడతారా?

జవాబు: వాడతారు. కస్టమ్స్ అధికారులు పోలీసు అధికారులు కారు కాబట్టి పోలీసు స్టేషన్‌లో ఇచ్చిన ఒప్పుకోలుకు ఉండే నిషేధం దీనికి లేదు. రాధికా అగర్వాల్ కేసులో 2025 ఫిబ్రవరిలో కూడా సుప్రీంకోర్టు అదే మాట చెబుతూ, అరెస్టు సమయంలో మాత్రం పౌరుడికి ఉండే రక్షణలన్నీ వర్తిస్తాయంది. అబద్ధం చెబితే తప్పుడు సాక్ష్యం కేసు ఇంకొకటి వస్తుంది, అది కచ్చితంగా ‘వేరే నేరమే’. బలవంతంగా రాయించుకున్నారంటే వీలైనంత త్వరగా, వీలైతే మేజిస్ట్రేటు ముందు హాజరైన మొదటి రోజే, రాతపూర్వకంగా వెనక్కి తీసుకోండి. ఏడాది తర్వాత గుర్తొచ్చిన బలవంతాన్ని ఏ కోర్టూ నమ్మదు. పెనాల్టీ తగ్గించుకోవడానికి అడ్జుడికేషన్‌లో ‘పొరపాటు జరిగింది, దయచూడండి’ అని ఇచ్చే జవాబు కూడా క్రిమినల్ ఫిర్యాదుకు జతపడుతుంది. రెండు జవాబులూ ఒకే వకీలు చూడాలి.

ప్రశ్న: కోర్టు బయట తేల్చుకునే మార్గం ఉందా? సెటిల్‌మెంట్ కమిషన్ అని విన్నాం.

జవాబు: ఆ తలుపు మూసుకుపోయింది. 2025 ఏప్రిల్ 1 నుంచి కొత్త దరఖాస్తులు తీసుకోరు, అప్పటికే ఉన్నవి మధ్యంతర బోర్డులు చూస్తాయి. మిగిలింది 137(3) కింద కాంపౌండింగ్, అంటే సొమ్ము కట్టి ప్రాసిక్యూషన్ నుంచి బయటపడటం. ప్రాసిక్యూషన్ మొదలవక ముందైనా, తర్వాతైనా ప్రిన్సిపల్ చీఫ్ కమిషనర్ లేదా చీఫ్ కమిషనర్‌కు 2005 నియమాల ప్రకారం దరఖాస్తు చేసుకోవాలి. ఆ కేసులో కట్టాల్సిన సుంకం, వడ్డీ, పెనాల్టీ ముందే కట్టి ఉండాలి. చలాన్లు జత చేయకపోతే దరఖాస్తు అక్కడే ఆగుతుంది. అనుమతి వచ్చాక 30 రోజుల్లో కాంపౌండింగ్ సొమ్ము కట్టాలి. మాదకద్రవ్యాల లాంటి కేసులకు, 135 కింద ఇంతకు ముందొకసారి కాంపౌండింగ్ చేసుకున్న వారికి ఇది లేదు. దరఖాస్తులో ఏదైనా దాచారని తర్వాత తేలితే ఇచ్చిన మినహాయింపు వెనక్కి పోతుంది.

దీని హద్దు తెలుసుకోండి. కాంపౌండ్ అయ్యేది కస్టమ్స్ చట్టంలోని నేరమే. సీబీఐ పెట్టిన ఫోర్జరీ కేసు దీంతో పోదు. కాబట్టి రెండో కేసు కూడా ఉన్నవారు కాంపౌండింగ్ దరఖాస్తులో వాడే ప్రతి మాటా ఆ కేసు సాక్షిపెట్టె నుంచి చదివి వినిపిస్తారనుకుని రాయాలి.

ప్రశ్న: బెయిలు వచ్చాక కోఫెపోసా (స్మగ్లింగ్‌ను అడ్డుకునే ముందస్తు నిర్బంధ చట్టం) కింద నిర్బంధించారు. ఇది శిక్ష కాదా?

జవాబు: కాదు. అది జరిగిన దానికి శిక్ష కాదు, ఇకముందు చేయకుండా ఆపడం అన్నది చట్టం లెక్క. అందుకే రెండుసార్లు శిక్ష అన్న వాదన దీని దగ్గరికే రాదు. ఇక్కడ పని చేసేది గడువుల మీద పోరాటం. నిర్బంధ కారణాలు మామూలుగా 5 రోజుల్లో, ప్రత్యేక కారణాలు రాస్తే 15 రోజుల్లో అందాలి. మీకు అర్థమయ్యే భాషలో అందాయా, అందులో ఆధారపడ్డ పత్రాలన్నీ ఇచ్చారా, మీ విజ్ఞప్తిని ఆలస్యం లేకుండా చూశారా అన్నవే హైకోర్టులో నిలబడతాయి. దిగుమతి, ఎగుమతి కోడ్ నిలిపివేత, కస్టమ్స్ బ్రోకర్ లైసెన్సు రద్దు కూడా ఇదే కోవలోవి. ఇవి వృత్తి మీద తీసుకునే చర్యలు, క్రిమినల్ కేసు ఉన్నా లేకపోయినా వస్తాయి. వాటికి వాటి అప్పీలు దారే పట్టాలి.